బొరుగుల పొట్లం

పుంగనూరులో మునస్వామిని ఎరిగినవాళ్ళందరికీ ఆయన తాళం సంగతి తెలుసు. సాయంత్రం షట్టరు దించి తాళం వేస్తాడు. లాగి చూస్తాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. వీధి మలుపు దాకా పోయాక కూడా మనసు ఊరుకోక తిరిగొస్తాడు. ఎదురింటి వసారాలో కుట్టుమిషను పెట్టుకున్న వరలక్ష్మి నవ్వి, "అన్నా, తాళం ఈడనే ఉండాది. నేను సూస్తాండా, నువ్వు పో" అనేది. అప్పుడు గానీ ఆయన కదిలేవాడు కాదు.

ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. తొంభైల్లో ఆయన రేడియోలు, టేపురికార్డర్లు, తర్వాత టీవీలు బాగుచేసేవాడు. ఒకరోజు ప్లగ్గు పీకేశాను అనుకుని టీవీ వెనక చేయి పెట్టాడు. పీకలేదు. షాకు కొట్టి, వెళ్ళి గోడకు కొట్టుకుని పడ్డాడు. కుడిచేతి రెండు వేళ్ళకు ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. ఆనాటి నుంచి ఎవరైనా "అనుకున్నాను" అంటే చాలు, ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఏదైనా మూడుసార్లు చూడాల్సిందే. టీవీల బేరం తగ్గిపోయాక ముప్పై ఎనిమిదో ఏట మదనపల్లెకు పోయి, కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుని కంప్యూటర్లు నేర్చుకున్నాడు. తీగెలు లాగడం, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం, బయటివాళ్ళు చొరబడకుండా కాపలా పెట్టడం, ఈ పని ఆయనకు అతికినట్టు సరిపోయింది. లోకంలో భయపడడానికి కూలి ఇచ్చే పని ఇదొక్కటే కాబోలు.

రెండువేల అయిదులో మదనపల్లె మల్లప్ప ఆయన్ను పిలిపించాడు. మల్లప్పకు రక్తపరీక్షల ల్యాబు ఉంది. పుంగనూరులో, కుప్పంలో రక్తం తీసుకునే గదులు ఉన్నాయి. రిపోర్టులు బస్సు కండక్టర్ల చేతికిచ్చి పంపడం ఇక చాలనీ, మూడు ఊళ్ళూ కంప్యూటర్లోనే మాట్లాడుకోవాలనీ ఆయన కోరిక. మునస్వామి వెనక గదిలో సర్వరు పెట్టాడు. దానికీ బయటి టెలిఫోను లైనుకూ మధ్య ఒక పాత కంప్యూటరును కూర్చోబెట్టాడు. బయటి నుంచి ఏది వచ్చినా ముందు దాన్ని దాటాలి. పేరున్న వాళ్ళకు దారి ఇస్తుంది, లేనివాళ్ళను తిప్పి పంపుతుంది. ఇంగ్లీషులో దాన్ని ఫైర్‌వాల్ అంటారని చెబితే మల్లప్పకు నోరు తిరగలేదు. గోడ పెట్టె అని పేరు పెట్టేశాడు.

"రక్తపరీక్షలు సూసి బయటోళ్ళు ఏం చేసుకుంటారప్పా? ఇదేమన్నా బంగారు అంగడా?" అన్నాడు మల్లప్ప.

"ఏం చేసుకుంటారో తెలీకనే గదన్నా నాకు భయం" అన్నాడు మునస్వామి.

ఆ భయానికి ఒక ముఖం ఉందని నెల తిరక్కుండానే తెలిసింది. ఒక మధ్యాహ్నం వరలక్ష్మి వీధి దాటి షాపులోకి వచ్చింది. ఆమె భర్త పోయి ఏడాది. అత్తామామలతో, నాలుగో తరగతి చదివే కూతురు దీపతో ఉంటోంది. వచ్చిన మనిషి కూర్చోలేదు.

"అన్నా, మల్లప్ప ల్యాబులో కంప్యూటర్లు నువ్వే సూస్తావు గదా. ఆడ ఉండే పేర్లు ఎవురికన్నా కనపడతాయా?"

"యాలమ్మా?"

డాక్టరు చెబితే హెచ్‌ఐవి పరీక్ష చేయించుకుంది. పుంగనూరు గదిలో ఇస్తే నలుగురూ చూస్తారని మదనపల్లె దాకా పోయి ఇచ్చింది. ఉందని వచ్చింది. ఇంకోసారి రక్తం తీసుకున్నారు, ఆ కాగితం రావాలి.

"మా అత్తకు తెలిస్తే నన్నూ పాపనూ ఆ పూటే ఎల్లగొడతాది. రవికలు కుట్టించుకునేదానికి ఒక్కరు గూడా రారు. పాప పక్కన బళ్ళో ఎవురు కూర్చుంటారన్నా?"

ఆ రోజుల్లో ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. మునస్వామి మాటిచ్చాడు. "నీ పేరు నాలుగు తాళాల ఎనకాల ఉండాది తల్లీ. నేనుండాను" అన్నాడు. అన్నాక తనకే భయమేసింది. మర్నాడే మదనపల్లె పోయి ఆ పరీక్షల జాబితాను వేరే అరలో పెట్టి, ఇద్దరికి తప్ప తెరుచుకోకుండా కట్టడి చేశాడు. ఇంటికొచ్చి కూడా అన్నం ముందు కూర్చుని ఏ కిటికీ మూయడం మరిచానా అని వేళ్ళు లెక్కపెట్టుకునేవాడు.

ఆయుధపూజకు ముందురోజు కుప్పంలో ఉన్నాడు. ఆ తాళం వేసిన జాబితా కుప్పం నుంచి, అనుమతి ఉన్న డాక్టరు పేరుతో తెరుచుకుంటుందో లేదో చూడాలి. తెరుచుకుంది. సరే, ఇక్కడ నొక్కితే మదనపల్లె ప్రింటరులో కాగితం వస్తుందా? ఆ జాబితానే నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇంకోసారి నొక్కాడు. మూడోసారీ నొక్కి మదనపల్లెకు ఫోను చేశాడు. ల్యాబు ఊడ్చే చెంగమ్మ ఎత్తింది.

"కాయితాలు వస్తానే ఉండాయప్పా, కర కర మని. యాడ పెట్టేది?"

"వచ్చినాయి గదా, సాలమ్మా" అన్నాడు మునస్వామి. గోడ గెలిచిందన్న సంతోషంలో ఫోను పెట్టేశాడు.

తెల్లవారి పండగ. పూజ ఎలా జరుగుతోందో కనుక్కుందామని మల్లప్పకు ఫోను చేశాడు. "మిషన్లన్నీ ఆపి బొట్లు పెట్టినామప్పా. నీ గోడ పెట్టెకు గూడా మాల ఏసి రెస్టు ఇచ్చినాము. ఆ పెద్ద కంప్యూటరు మాత్రం నడస్తాండాది, డాక్టరు ఏమన్నా అడుగుతాడని" అన్నాడు మల్లప్ప.

"బయటి వైరు యాడ పెట్టినారన్నా? దాంట్లోనా, దీంట్లోనా?"

"నాకేం తెలుసప్పా వైర్ల సంగతి!"

కాపలావాణ్ణి పడుకోబెట్టి వైరు తీసి నేరుగా సర్వరుకు పెట్టి ఉంటే? మునస్వామి బస్సెక్కాడు. మదనపల్లె దాకా కిటికీ కమ్మీ వదల్లేదు. ఎవడో ఊరూ పేరూ లేనివాడు ఏ దేశంలోనో కూర్చుని వరలక్ష్మి పేరు చదువుతున్నట్టే ఉంది. పక్క సీటాయన "కడుపు నొప్పా స్వామీ?" అని అడిగాడు. ఔనన్నాడు.

ల్యాబు ముందు బూడిదగుమ్మడికాయ పగలగొట్టి ఉంది. కుంకుమ నీళ్ళు తొక్కుకుంటూ వెనక గదికి పరుగెత్తాడు. బయటి వైరు ఆరిపోయిన గోడ పెట్టెలోనే ఉంది. సర్వరుకు లోకంతో సంబంధమే లేదు. వైరు లాగి చూశాడు. మళ్ళీ చూశాడు. మూడోసారీ చూసి, పూలమాల వేసిన పెట్టెకు దణ్ణం పెట్టి, నేల మీద చతికిలబడ్డాడు. చెంగమ్మ వచ్చి పూజ ప్రసాదమని బొరుగుల పొట్లం చేతిలో పెట్టింది. బొరుగులు, పప్పులు, బెల్లం ముక్క. ప్రాణం కుదుటపడి సగం తిన్నాడు. అప్పుడు కాగితం మీద అక్షరాలు కనపడ్డాయి.

వరసగా పేర్లు. ఎదురుగా ఊరు. దానికి ఎదురుగా పాజిటివ్, పాజిటివ్, పాజిటివ్.

"చెంగమ్మా, ఈ కాయితం యాడిది?"

"నిన్న నువ్వు పంపిస్తివే, అవేనప్పా. నున్నగా ఉండాయి, పొట్లాలకు బాగుంటాయని ఎత్తిపెట్టినా."

కుప్పంలో తాను మూడుసార్లు నొక్కాడు. జాబితా రెండు కాగితాలు. మొత్తం ఆరు. చెంగమ్మ ఒక్కోదాన్ని సగానికి చింపింది. పన్నెండు పొట్లాలు. ఊళ్ళు దాటి ఎవడూ రాకూడదని కట్టిన గోడ లోపల నుంచి తానే పేర్లు బయటికి తోశాడు. పండగ పూట ప్రసాదంగా పంచిపెట్టించాడు. చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆ మధ్యాహ్నం మునస్వామి పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. పాత దినపత్రిక ఒకటి చంకన పెట్టుకుని, చెంగమ్మ పొట్లాలు ఇచ్చానన్న మందుల షాపుకూ టీ బంకుకూ ఆటో స్టాండుకూ తిరిగాడు. "ఆ కాయితం మీద మందు మరక పడిందన్నా, తినొద్దు" అని బొరుగులు పేపర్లోకి ఒంపి కాగితం లాక్కున్నాడు. చదివారా అని వాళ్ళ కళ్ళలోకి చూశాడు. ఆటో డ్రైవరు ఒకడు కాగితం ఉండ చుట్టి కాలవలో వేశాడు, దాన్నీ ఏరుకున్నాడు. ఎవరూ చదివినట్టు లేదు. పొట్లం కాగితాన్ని ఎవరు చదువుతారు? సాయంత్రానికి తన పొట్లంతో కలిపి పదకొండు దొరికాయి. వెనక గదిలో పరిచి కలిపి చూశాడు. దొరకనిది రెండో కాగితం కింది సగం. మిగతా రెండు ప్రతుల్లో ఆ సగంలో పైనుంచి నాలుగో పేరు వరలక్ష్మి.

"పన్నెండోది ఎవురికిచ్చినావు చెంగమ్మా? బాగా గెవనం చేసుకో."

"పొద్దన్నే ఒకామె వచ్చిందప్పా, రిపోర్టు కవరు కోసరం. పూజ గదా, రేపు రాపో అన్నాడు మల్లప్పన్న. ఉత్త చేతుల్తో పంపేదానికి మనసు రాక పొట్లం ఇచ్చినా. పుంగనూరు ఆమె. కుట్టుమిషన్ ఆమె."

పుంగనూరు బస్సులో ఆయనకు కూర్చోబుద్ధి కాలేదు. సీట్లున్నా నిలబడే వచ్చాడు. ఆ ఇంట్లో పొట్లం ఎవరు విప్పి ఉంటారు? అత్తా? మామా?

వరలక్ష్మి వసారాలోనే ఉంది. కుట్టుమిషనుకు పసుపు కుంకుమ పెట్టి ఉంది. ఆయన్ను చూసి లేచి గడప దిగి వచ్చింది. లోపల అత్త ఎవరితోనో మాట్లాడుతోంది.

"పొట్లం..." అన్నాడు మునస్వామి.

"పాప విప్పినింది అన్నా" గొంతు తగ్గించి చెప్పింది వరలక్ష్మి. "ఇంగ్లీషు కూడబలుక్కుని నా పేరు సదివింది. అమ్మా, నీ పేరు అచ్చేసినారే అని ఎగిరింది. మా అత్త పక్కనే కూర్చోనుండె. ఆమెకు సదువు రాదు. ఏమే అది అంటే, కుట్టు పరీక్ష రాసింటిని, పాసైనోళ్ళ పేర్లు అని చెప్పినా. కాయితం పొయ్యిలో పెట్టినా."

"అచ్చేసింది నేనేనమ్మా. నేనే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "ఇంకెన్ని ఉండాయన్నా?" అంది.

"లేవు. పదకొండూ నా దగ్గరే ఉండాయి."

"కాల్చెయ్" అని లోపలికి వెళ్ళిపోయింది.

షాపు వెనక కాల్చాడు. బూడిదను కూడా కాలితో నలిపాడు. తల ఎత్తేసరికి దీప నిలబడి ఉంది. కొత్త గౌను. మొహం వెలిగిపోతోంది.

"మామా, మా అమ్మ పాసైంది తెలుసునా? కాయితంలో పేరు అచ్చేసినారు. పక్కన పాజిటివ్ అని ఉండాది."

"ఎవురెవురికి చెప్పినావు తల్లీ?"

"నీకే ముందు. ఇప్పుడు వీధిలో అందరికీ చెప్పేదానికి పోతాండా."

"వద్దు! చెప్పొద్దు!"

"యాల మామా? పాసైతే చెప్పుకోవల్ల గదా?"

సర్వరుకు గోడ కట్టిన మనిషి ఇప్పుడు ఒక పసిదాని నోటికి గోడ కట్టాలి. పొద్దున తొక్కిన గుమ్మడికాయ కుంకుమ ఇంకా చెప్పులకు అంటుకుని ఉంది. దాన్ని చూశాక దారి తోచింది.

"దిష్టి తగులుతాది తల్లీ. ఇంత మంచి మాట బయట చెప్తే అమ్మకు దిష్టి తగులుతాది."

దీప రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అట్లాగే తల ఊపింది. అట్లాగే వీధి దాటి ఇంటికి పోయింది.

ఆ గోడ నిలబడింది. వరలక్ష్మి పెద్దాసుపత్రి మాత్రలు వాడుతూ కుట్టుకుంటూనే ఉంది. మునస్వామి ఆనాటి నుంచి ప్రింటరు పక్కన నిలబడకుండా ఒక్క కాగితం అచ్చేయలేదు. ఎవరేది పొట్లం కట్టి ఇచ్చినా ముందు కాగితం విప్పి చదువుతాడు, బజార్లో జనం నవ్వుతారు. ప్రతి దసరాకూ దీప బొరుగుల పొట్లంతో వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "మామా, ఇంక చెప్పొచ్చునా?" అని అడిగేది. "ఇంకా వద్దు తల్లీ" అనేవాడు. మరుసటి ఏడు అదే ప్రశ్న, అదే జవాబు.

ఎనిమిదో తరగతికి వచ్చి, అమ్మ మాత్రల డబ్బా మీది ఇంగ్లీషు చదవగలిగిన ఏడు కూడా దసరాకు వచ్చింది. బొరుగులు పొట్లంలో కాదు, మూత పెట్టిన స్టీలు గిన్నెలో తెచ్చింది. బల్ల మీద పెట్టింది. మునస్వామి ఎప్పటిలా చెవి అటు వంచాడు.

ఆ ఏడు దీప ఏమీ అడగలేదు.