సీరియల్లో కుక్క

టైలరు మాస్టారి ఇంట్లో టీవీకి బొమ్మ ఎప్పుడు పోయిందో టైలరు మాస్టారికే తెలియదు. ఇదెక్కడి చోద్యం అనుకోకండి, చెబుతాను.

ముందు గదిలో కిటికీ దగ్గర కుట్టు మెషిను, వెనక గోడకు టీవీ. వెలుగు గుడ్డ మీద పడాలి కనుక ఆయన మొహం ఎప్పుడూ కిటికీ వైపే. వచ్చినవాళ్లకు ముందుగా కనబడేది ఆయన వీపు. ఆయన చెవిన పడకుండా వీధిలో కొందరు ‘వీపు మాస్టారు’ అనేవారు కూడా. ఇరవై ఏళ్లుగా ఆయన టీవీని విన్నాడే గాని చూడలేదు. చూడటం భార్య వంతు. ఆయన వీపుకు వీపు ఆనించినట్టుగా పేము కుర్చీ వేసుకుని, చొక్కాలకు బొత్తాలు కుడుతూ చూసేది.

సీరియల్లో మాటలు ఆగి సంగీతం మొదలైందంటే, ఆయన మెషిను ఆపకుండానే అడిగేవాడు.

“ఏమైందే?”

“కోడలు తలుపు తీసింది. అత్త గుడ్లురిమి చూస్తోంది. కుక్కేమో గుమ్మంలో పడుకుని తోక ఊపుతోంది.”

“అది ఒక్కసారైనా మొరగదేంటే?”

“మంచి కుక్క. మీలాగే, దాని పని తప్ప నోట్లోంచి మాట రాదు.”

ఆవిడ పోయి మూడేళ్లయింది. సీరియల్ మాత్రం నడుస్తూనే ఉంది. మనుషులు పోతారు గాని సీరియళ్లు పోతాయా? మాస్టారు పొద్దున్నే భుజం మీదుగా రిమోటు నొక్కి పనిలో కూర్చునేవాడు, పని అయ్యాక అలాగే నొక్కి కట్టేసేవాడు. వెనక నుంచి మాట వినబడుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. తిరిగితే ఖాళీ కుర్చీ కంటపడుతుంది. అందుకే తిరిగేవాడు కాడు. సంగీతం వచ్చినప్పుడల్లా “ఏమైందే” అన్న మాట గొంతుదాకా వచ్చేది, మింగేసేవాడు.

ఒకరోజు కుట్టిన యూనిఫాం కోసం వచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది.

“టీవీలో బొమ్మ రావట్లేదేంటి మాస్టారూ?”

“ఎప్పట్నుంచి?” అని ఆయన ఆమెనే అడిగాడు.

“భలేవారే, నన్నడుగుతారేంటి? నేను కొలతలివ్వడానికొచ్చిన రోజు కూడా రావట్లేదు. మీకు తెలిసే ఉంటుందనుకున్నా.”

ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆయనకు మాత్రం కలుక్కుమంది. ఇంట్లో ఒక వస్తువు గుడ్డిదైపోతే, అయ్యో ఇలా అయిందండీ అని చెప్పే దిక్కు లేదు తనకు.

మరో రెండు రోజులకు మాట కూడా పోయింది. ఇల్లు బావురుమంది. ఆ నిశ్శబ్దంలో చెయ్యి ఆడక, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి ఒకే చొక్కాకు రెండు ఎడమ చేతులు తగిలించాడు. రిపేరు చేసే అతను వచ్చి టీవీ వెనక మూత విప్పి చూసి, “దీనికి నూకలు చెల్లిపోయాయండీ, కొత్తది కొనుక్కోండి,” అని మూత బిగించేశాడు.

మాస్టారు షాపుకు వెళ్లాడు. గోడనిండా టీవీలు. అక్కడ పనిచేసే అమ్మాయి పెద్ద తెర ముందు నిలబెట్టి, “చూడండి అంకుల్, ఆకు మీద నీటిబొట్టు కూడా ఎంత బాగా కనబడుతోందో,” అంది.

“బొమ్మతో నాకేం పనమ్మా, మాట వినిపించు,” అని ఆయన టీవీకి వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆ పిల్ల బిత్తరపోయింది. టీవీ కొనడానికొచ్చి ఎదుటి ఖాళీ గోడకేసి చూసే బేరం ఆమెకు అంతవరకు తగల్లేదు. అయినా ఓపిగ్గా ఒక్కొక్కటే పెట్టింది. మొదటిది డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంది. రెండోది బావిలోంచి మాట్లాడినట్టుంది. మూడోదాంట్లో మధ్యాహ్నం మళ్లీ వేసే ఆ సీరియలే వస్తోంది. అత్త గొంతు నిండుగా, సరిగ్గా వీపు వెనక కుర్చీలో కూర్చుని మాట్లాడినట్టే వినబడింది. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. అంతలో మాటలు ఆగి సంగీతం మొదలైంది. ఆయన నోరు జారింది.

“ఏమైందే?”

వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు పలికింది. “కోడలు పెట్టె సర్దుకుంటోందండీ. అత్త చూసీ చూడనట్టు నిలబడింది.”

“మరి కుక్క?”

“ఏ కుక్కండీ?”

“గుమ్మంలో పడుకుంటుందిగా.”

“ఈ సీరియల్లో కుక్కేం లేదే అంకుల్. పన్నెండేళ్ల నుంచీ మా అమ్మ చూస్తోంది, పక్కన కూర్చుని నేనూ చూస్తున్నా. ఎప్పుడూ లేదు.”

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఎక్కడి నుంచో ఓ కుక్కపిల్లను ఒడిలో పెట్టుకుని తెచ్చింది. “గుడ్డల మీద వెంట్రుకలు పడితే బేరాలు పోతాయి, వదిలేసి రా,” అన్నాడు తను. ఆవిడ మారుమాట్లాడకుండా వదిలేసి వచ్చింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. మరిచిపోయిందనుకున్నాడు పిచ్చి మారాజు. ఆయన ఇంట్లోనే, ఆయన వీపు వెనకే, ఒక్క వెంట్రుక రాలకుండా తొమ్మిదేళ్లు కుక్కను పెంచుకుంది మహాతల్లి.

ఆయనకు నవ్వొచ్చింది. మూడేళ్ల తర్వాత వచ్చిన నవ్వు. దాని వెనకే కన్నీళ్లూ వచ్చాయి.

“ఇదే ఇవ్వమ్మా.”

“బొమ్మ ఒక్కసారైనా చూసుకోండి అంకుల్.”

“ఇంటికెళ్లి చూస్తాలే.”

మర్నాడు టీవీ బిగించి వెళ్లారు. మాస్టారు రెండు ఎడమ చేతుల చొక్కా ముందేసుకుని, ఎప్పటిలాగే కిటికీ వైపు తిరిగి కుట్లు విప్పుతున్నాడు. సీరియల్ మొదలైంది. మాట బ్రహ్మాండంగా ఉంది. కాసేపటికి మాటలు ఆగిపోయాయి.

“ఏమైందే?” అన్నాడు. ఈసారి నోరు జారలేదు, కావాలనే అడిగాడు.

షాపులో ఎవరో ఒకరు చెప్పారు. ఇక్కడ ఎవరూ చెప్పలేదు. ఇక చెప్పరు. ఆవిడ లేదన్న సంగతి ఆయనకు పూర్తిగా తెలిసింది ఆ పూటే.

లేచాడు. పేము కుర్చీని ఎత్తి, మొహం కిటికీ వైపు ఉండేలా మెషిను దగ్గర వేశాడు. తన స్టూలు దాని వెనక వేసుకుని, కుర్చీకి వీపు ఆనించి, టీవీకి ఎదురుగా కూర్చున్నాడు. చొక్కా ఒళ్లో పెట్టుకున్నాడు. వెలుగు చాలక కుట్లు సరిగ్గా కనబడటం లేదు. కనబడకపోతే పోనీ అనుకున్నాడు.

“కోడలు పెట్టె పట్టుకుని గేటు దాటిందే,” అన్నాడు. “అత్త పిలవలేదు.”

తెర మీద గుమ్మం ఖాళీగా ఉంది. ఆయన దాన్ని కాసేపు చూశాడు.

“కుక్క మాత్రం లేచి, ఆ పిల్ల వెనకే వెళ్తోంది,” అన్నాడు.