ఒకే షెడ్డులో రెండు కంపెనీలు

ఎర్రగుంట్లలో మా అన్నా నేనూ కలిసి ఇంజనీరింగ్ వర్క్‌షాపు నడిపేవాళ్లం. సిమెంటు ఫ్యాక్టరీలకు ఇనుప ఫ్రేములు, గొట్టాలు చేసి బిగించేవాళ్లం. మా దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్న వెల్డరు ఒకడుండేవాడు. అతను అతికిన చోట మళ్లీ చూసుకోవలసిన పని ఉండేది కాదు.

ఒక ఏడాది ఫ్యాక్టరీ పద్ధతి మార్చింది. సామాను తయారుచేసే సంస్థ వేరుగా, మనుషుల్ని పంపే సంస్థ వేరుగా ఉండాలన్నారు. పైన పెద్ద కాంట్రాక్టరు, కింద మేము, మా కింద మనుషుల్ని పంపేవాళ్లు. మేం మా వదిన పేరుతో రెండో సంస్థ పెట్టి, పనివాళ్లందరినీ కాగితాల మీద అందులోకి మార్చాం.

సంతకం పెట్టబోతూ వెల్డరు ఆగాడు. "ఏమన్నా, నన్ను యాడికి పంపుతాండారు?"

"యాడికీ లేదప్పా. రేపు కూడా ఈడికే వస్తావు. ఇదంతా ఫ్యాక్టరీ వాళ్ల కోసం" అన్నాను నేను.

కొత్త సంస్థకు పనివాళ్ల బీమా ఈఎస్‌ఐ రాకముందే ఫ్యాక్టరీలో మరమ్మతు పని మొదలైంది. అది రానీ, తర్వాత పనికి పోదాం అని నేను అనలేదు. మూడో రోజు మధ్యాహ్నం, కొలిమి పక్క టవరు మీద అతను నిలబడిన పలక జారింది. కడప ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

"ఇతను ఎవరి మనిషి?" అని సేఫ్టీ ఆఫీసరు అడిగాడు. పెద్ద కాంట్రాక్టరు మమ్మల్ని చూపించాడు. మా అన్న రెండో సంస్థ కాగితం తీశాడు. మాకు సంబంధం లేదని రాసినదాని కింద నేనూ సంతకం పెట్టాను. మా మనిషని ఎవరూ ఒప్పుకోక, అతని వాళ్లు శవాన్ని ఫ్యాక్టరీ గేటు ముందర పెట్టుకొని రాత్రిదాకా కూర్చున్నారు. చనిపోయినవాడు తన సంస్థ మనిషేనని చెప్పినప్పుడు వదిన బిత్తరపోయి, "ఆయప్ప సూసేకి ఎట్లుంటాడు?" అని అడిగింది.

పదిహేను రోజులకు అతని భార్య చిన్న కూతుర్ని వెంటబెట్టుకొని షెడ్డుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పదకొండేండ్లు మీ కాడ చేసినాడు గదన్నా. ఇప్పుడు ఎవురో ఆయమ్మ కంపెనీ అంటాండారు. ఆయమ్మను నేను ఎప్పుడూ సూడల్యా."

వారం తిరిగేసరికి నేను కడప పోయి, లేబరు ఆఫీసులో రెండు సంస్థలూ ఒకటేనని, పని చెప్పింది మేమేనని రాసిచ్చాను. అన్న వర్క్‌షాపుకు వచ్చి అందరి ముందూ అరిచాడు.

"నా పెండ్లాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతావా? నువ్వు సంతకం పెట్టలేదా?"

పెట్టాను. అదే మాట అన్నాను. ఆ తర్వాత మా మధ్య మాటలు లేవు. ఫ్యాక్టరీలు మమ్మల్ని పిలవడం మానేశాయి, షెడ్డు మూతపడింది. రెండేళ్లు వాయిదాలు తిరిగాక ఆమెకు పరిహారం వచ్చింది.

తీర్పు రోజున ఆఫీసు మెట్ల దగ్గర ఆమె నన్ను చూసి ఆగింది.

"ఆ పొద్దే ఈ మాట సెప్పింటే, శవాన్ని పెట్టుకొని గేటు ముందర అంతసేపు కూసోకుండా ఉంటిమి గదన్నా."

ఆమె పిల్లను తీసుకొని బస్టాండు వైపు నడిచింది.