మూడు వందల నలభై ఒక్క చిట్టీలు

మంజులతవి ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ అక్షరాల పుణ్యాన, తహసీల్ ఆఫీసు తరఫున ఎక్కడ లాటరీ తీయాల్సి వచ్చినా చిట్టీలు రాసే పని ఆమె మీదే పడేది. అంగట్లో దుకాణాల జాగాలకైనా, ఇండ్ల జాగాలకైనా సరే. రిటైరై నల్లగొండ వచ్చేశాక కూడా ఆమెకు ఆ రోజులే కళ్లల్లో మెదులుతుంటాయి.

ఇప్పుడు కంప్యూటర్లో మీట నొక్కితే పేర్ల జాబితా బయటికొస్తుంది. అప్పుడు ఒకే రకం కాగితం, ఒకే సిరా, ఒకే కొలత కావాలి. చిట్టీకి నాలుగు మడతలు, అంతకు ఒక్కటి ఎక్కువ కాకూడదు. ఆ పని ఆమెకు నేర్పినవాడు పాత హెడ్ క్లర్క్ శ్రీశైలం. "చిట్టీకి మొఖం ఉండొద్దు బిడ్డా. ఒకటి లావుంటె చెయ్యి దాని మీదికే పోతది" అనేవాడు. పేర్లు రాస్తున్నంతసేపూ ఆమెకు అది పూజకు పూలు కడుతున్నట్టే ఉండేది. చిట్టీలన్నీ వేసి పిడి పట్టి తిప్పితే ఇనుప డబ్బాలోంచి రేకుల మీద సన్నటి వాన మొదలైన చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుకు హాలంతా ఊపిరి బిగబట్టేది.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు దేవరకొండ దిక్కున ఆమె పనిచేసే మండలంలో పేదలకు సర్కారు కట్టించే డబుల్ బెడ్రూం ఇండ్లు మొదటి విడతగా అరవై తయారయ్యాయి. అర్హులు మూడు వందల నలభై ఒక్క మంది. ఎండాకాలం, ఫంక్షన్ హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద ఆర్డీవో, ఆయన పక్కన రిజిస్టర్ ముందేసుకుని మంజులత. జనంలోంచి పిలిచిన ఒక అంగన్‌వాడీ టీచర్ చిట్టీలు తీస్తోంది.

నాలుగో చిట్టీ బుచ్చయ్యది. బస్టాండు దగ్గర పంక్చర్లు వేసే మనిషి. ముప్పై ఏండ్లుగా కిరాయి ఇండ్లే. పేరు వినగానే భుజం మీది తువ్వాల తీసి నాలుగు దిక్కులకూ దండం పెట్టాడు. ఆయన భార్య బిక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మంజులత ఆ పేరు రాసి రిజిస్టర్ పేజీ తిప్పింది. పేజీల మధ్యనుంచి మడతపెట్టిన కాగితం ఒకటి జారి ఆమె ఒళ్లో పడింది. విప్పి చూసింది. తన రాతే. 'నర్సింగమ్మ, 218.'

పొద్దున చిట్టీలు డబ్బాలో వేసేటప్పుడు అది జారి రిజిస్టర్లో ఇరుక్కుంది. డబ్బాలో ఉన్నవి మూడు వందల నలభయ్యే. ఎవరూ చూడలేదు. మళ్లీ డబ్బా మూత తీసినప్పుడు మెల్లగా అందులో పడేస్తే పోతుంది కదా అనుకుంది. కానీ అప్పటికే నాలుగు ఇండ్లు తేలిపోయాయి. ఆ నాలుగింటిలో నర్సింగమ్మకు వంతే లేకపోయింది.

ఆర్డీవో వైపు వంగి చిట్టీ చూపించింది.

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడాయన పళ్ల బిగువున. "నడవనీ. తర్వాత సూద్దాం."

"తర్వాత ఏం సూస్తం సార్? తీసుడు అయిపోతది."

మంజులత లేచి మైకు అందుకుంది. "ఒక చిట్టీ డబ్బల పడలె. తప్పు నాదే. మల్ల మొదటిసంది తీయాలె."

హాలు భగ్గుమంది. కుర్చీలు విసిరారు. "పైసలు తిన్నది!" అని ఎవరో అరిచారు. పోలీసులొచ్చి సర్ది చెప్పేసరికి గంట పట్టింది. ఈసారి మొత్తం చిట్టీలను అందరి ముందూ ఒక్కొక్కటి చదివి డబ్బాలో వేశారు. అరవై పేర్లూ వచ్చాయి. వాటిలో నర్సింగమ్మ పేరు లేదు, బుచ్చయ్య పేరూ లేదు.

నర్సింగమ్మ వేదిక దాకా వచ్చి, "నాకెట్లైనా రాకపాయె. ఇంత లొల్లి ఎందుకు పెట్టినవ్ మేడం?" అని అడిగి వెళ్లిపోయింది. మంజులతకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసిచ్చింది. అవేవీ ఆమెను అంతగా బాధపెట్టలేదు. రోజూ ఆఫీసుకు బుచ్చయ్య దుకాణం ముందునుంచే పోవాలి. ఆమె స్కూటీ కనబడగానే ఆయన మొహం తిప్పుకునేవాడు. బాధంతా అదే.

రెండేండ్లు అట్లాగే గడిచాయి. ఒకనాడు సరిగ్గా ఆ దుకాణం దగ్గరే టైరు దిగిపోయింది. బుచ్చయ్య చక్రం విప్పాడు. ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"గా దినం నువ్వు సప్పుడు జేయకుంటె ఎవలకు తెలుస్తుండె?"

"ఎవలకు తెల్వకపోతుండె కాకా."

"మరి?"

"నాకైతె తెలుసు గద."

ఆయన బుడగల మీద వేలు పెట్టాడు. "బిక్షమ్మ మూడు దినాలు అన్నం ముట్టలె" అన్నాడు చివరికి. మంజులత నీళ్లు నిండిన కళ్లతో అక్కడే కూర్చుండిపోయింది. పోయేముందు ఆయన ఆమెకు చాయ్ తెప్పించాడు.

ఇంకో రెండేండ్లకు మిగతా ఇండ్లు పూర్తయ్యాయి. అప్పటికి మంజులత రిటైర్‌మెంటుకు నాలుగు నెలలే ఉంది. డ్రాకు రెండు రోజుల ముందు బుచ్చయ్య ఆఫీసుకొచ్చి అందరూ వినేట్టు అన్నాడు. "నా చిట్టీ మంజులత మేడమే రాయాలె. ఇంకెవలు రాసినా నాకు నమ్మకం లేదు."

రాసింది. ఈసారి ముప్పై ఏడో పేరు ఆయనది. మైకులో ఆ పేరు వినగానే ఆమె రిజిస్టర్లో రాయాల్సిన కలం పక్కన పెట్టి, మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లింది. ఇల్లు మూడో అంతస్తులో. బుచ్చయ్య మోకాళ్లు పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"కింది ఇల్లు రాకపాయె బిడ్డా, మోకాళ్లు పోతున్నయి" అని గొణిగాడు.

"మల్ల తీయమందామా కాకా?"

"వద్దు తల్లీ! నీకు దండం!" అని ఆయన రెండు చేతులూ ఎత్తేస్తే బిక్షమ్మ పడీపడీ నవ్వింది.

పోయినేడు బుచ్చయ్య కాలం చేశాడు. బిక్షమ్మ ఇప్పటికీ బతుకమ్మకు ముందు ఫోన్ చేసి, "ఎప్పుడొస్తవు బిడ్డా, ఇల్లు సున్నమేయించిన" అంటుంది. మంజులత వెళ్తుంది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని, పొద్దు వాలేదాకా బుచ్చయ్య మాటలే చెప్పుకుంటారు.