దేశాల సభలో ఒక అమ్మ

నిడదవోలు స్టేషన్ వెయిటింగ్ రూంలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ తన ఫోన్ నా చేతికిచ్చింది. ఫొటోలో ఆవిడే, వెనక దేశదేశాల జెండాలు.

"జెనీవా అండి. గల్ఫ్‌లో ఇంటిపనికెళ్లిన మా అమ్మాయి అక్కడే పోయింది. జబ్బు చేసినా ఆ ఇంటోళ్లు పాస్‌పోర్టు ఇవ్వలేదండి. ఇంకో ఆడపిల్లకి అలా జరగకుండా ఒప్పందం చెయ్యండని అక్కడ దేశాల సభలో అడగడానికి మహిళా సంఘం వాళ్లు నన్ను తీసుకెళ్లారు."

"ఒప్పుకున్నారా అండి?"

"చాలా దేశాలు సంతకం పెట్టాయండి. మా పిల్ల పోయిన దేశం పెట్టలేదు."

ఫోన్ వెనక్కి తీసుకుంటూ మెల్లగా అంది: "నేను చెప్పడం అవగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారండి. ఏం చెయ్యాలో తెలీక నేనూ కొట్టాను. నా బిడ్డ చావుకి నేనే చప్పట్లు కొట్టానండి."

బండి వచ్చింది, ఆవిడ వెళ్లిపోయింది. ఇప్పటికీ సభల్లో అందరూ చప్పట్లు కొడుతుంటే నా చేతులు ఒళ్లోనే ఉండిపోతాయి.