వీరమ్మ ఏరిన పుచ్చు గుల్లలు

ఓడలరేవు దగ్గర మడచెట్ల మధ్య పాయ ఉంది. పోటు తీసేసరికి వీరమ్మ అందులో మోకాలిలోతు బురదలో ఉంటుంది. యాభై ఏళ్ళుగా ఆవిడ పని గుల్లలు ఏరడం. చిటికెనవేలంత పొడుగున, కొసదేలి ఉండే సముద్రపు నత్తలవి. మాంసం ఎరకి పోతుంది, చిప్పలు సున్నానికి పోతాయి. ఆ పనిలో ఆవిడకి ఎదురు లేదని పాలెమంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోనివాళ్ళ చేత ఆవిడే ఒప్పిస్తుంది.

మూడేళ్ళ కిందట అమలాపురం కాలేజీలో జువాలజీ చెప్పే లిడియా స్కూటీ మీద ఆ పాయకి వచ్చింది. గుల్లల కడుపులో బతికే పురుగుల మీద ఆమె పరిశోధన. వంద పగలగొడితే పదింటిలోనో పన్నెండింటిలోనో పురుగు దొరికేది. ఆమె గట్టు మీద కూచుని సుత్తితో కొడుతుంటే వీరమ్మ చూడలేకపోయింది.

“మంచివాటిని ఎందుకండీ మేడంగారూ చంపేత్తారు? పుచ్చువే కావాలంటే నన్నడగొచ్చు కదండీ.”

“పుచ్చువంటే ఏంటి పిన్నిగారూ?”

“లోపల గుడ్లుండే చోట ఉడికిన పప్పులా పచ్చగా ఉంటాది చూడండి, అయ్యి. మేం పారేత్తామండి.”

లిడియా సుత్తి పక్కన పెట్టింది. పగిలిన ఒక గుల్లలోని పచ్చటి ముద్దలోంచి ఒక చుక్క తీసి, వెంట తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద పెట్టి, వీరమ్మని చూడమంది. చుక్కనిండా తోకలు ఆడించుకుంటూ ఈదుతున్న పురుగులు.

“పిట్ట రెట్టలోంచి గుల్లలోకి చేరతాయండి. దాని గుడ్ల సంచి తినేసి అక్కడే కాపురం పెడతాయి. ఆనక బయటికొచ్చి చేపలోనో పీతలోనో దూరతాయి. దాన్ని పిట్ట తింటే మళ్ళీ పిట్టలోకే.”

“ఓసినీ! అందుకేనన్నమాట,” అంది వీరమ్మ. “కొంగలు వాలే మేట దగ్గర పుచ్చు ఎక్కువండి. ఇవతల గట్టున ఇన్నుండవు.”

లిడియా ఆ మాట పుస్తకంలో రాసుకుంది. రెండు శీతాకాలాలు రెండుచోట్లా పిట్టల్నీ గుల్లల్నీ లెక్కపెట్టింది. వీరమ్మ చెప్పిందే నిజమైంది.

కిందటేడు కాలేజీలో సదస్సు పెట్టి వీరమ్మని పిలిచారు. కోడలు సాయిదుర్గ ఇస్త్రీ చేసిచ్చిన నీలం చీర కట్టుకుని వెళ్ళింది. వేరే ఊరి నించి వచ్చిన పెద్ద ప్రొఫెసరు మాణిక్యాలరావుగారు గుల్లని పైనించి చూసే పుచ్చో కాదో చెప్పేస్తానని ఆవిడ అన్నది విని కళ్ళజోడు తీశారు.

“పగలగొట్టకుండా లోపలిది ఎలా తెలుస్తుందమ్మా? గుడ్డెద్దు చేలో పడ్డట్టు తగిలి ఉంటుంది.”

వీరమ్మకి చెవులు వేడెక్కాయి. అయినా గొంతు పెంచలేదు.

“ఓ తొట్టి ఉప్పునీళ్ళు ఇప్పించండి బాబుగారూ. రెండు మడకొమ్మలు కూడానండి.”

పొద్దున్న విద్యార్థులు కొంగల మేట దగ్గర ఏరి పట్టుకొచ్చిన గుల్లలు ముప్ఫై. ఆవిడ వాటిని తొట్టిలో వదిలి, కొమ్మలు నిలబెట్టి, చేతులు కట్టుకుని నిలుచుంది. పావుగంటైంది. వెనక బెంచీల్లో దగ్గులు మొదలయ్యాయి.

“కాసేపు ఆగండి. గుల్లకి తొందరుండదు,” అంది.

ఒక్కొక్కటే కొమ్మ పట్టుకుని పైకి పాకాయి. కొన్ని అడుగునే ఉండిపోయాయి. పాకనివాటిలోంచి, వయసుకి మించి బలిసినట్టున్న పదకొండు ఏరి పళ్ళెంలో పెట్టింది. “ఇయ్యేనండి పుచ్చువి. పుచ్చు పట్టింది కొమ్మెక్కదండి.”

లిడియా అందరి ముందూ అన్నిటినీ పగలగొట్టింది. ఆ పదకొండింట పదింటిలో పురుగు ఉంది. వీరమ్మ మంచివన్న పంతొమ్మిదింట ఒకదానిలో దొరికింది. హాలంతా చప్పట్లు కొడుతుంటే వీరమ్మ మాత్రం ఆ రెండు చిప్పల్నీ అరచేతిలో తిప్పి తిప్పి చూస్తోంది.

“రెండు తప్పేనండి,” అంది చిన్నబోయి.

“రెండే కదండీ!” అన్నారు మాణిక్యాలరావుగారు, లేచి ఆవిడ దగ్గరికి వస్తూ. “ఇరవై ఏళ్ళ సర్వీసులో నేనొక్కటీ చెప్పలేకపోయేను.”

ఈ ఏడాది ఆ పరిశోధన పత్రం అచ్చయింది. లిడియా పేరు పక్కనే ఓలేటి వీరమ్మ అని ఉంది. పేరు వేస్తానని లిడియా అడిగినప్పుడు, మా అమ్మ లోవమ్మ పేరు కూడా వెయ్యాలి, ఆవిడే నాకు నేర్పింది అని వీరమ్మ పట్టుబట్టింది. ఆ పేరు కృతజ్ఞతల్లోకి ఎక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరెక్కడుందో సాయిదుర్గ చేత వేలు పెట్టి చూపించుకుని, ఆ కాగితాన్ని పాలెంలో ఇంటింటికీ తీసుకెళ్ళింది.

ఇప్పుడు నెలకోసారి కాలేజీ వ్యాను పాయ దగ్గర ఆగుతుంది. మొన్న మాణిక్యాలరావుగారూ దిగారు. పంచె ఎగ్గట్టుకుని బురదలోకి వచ్చి, ఒక గుల్ల తీసి చూపించారు.

“ఇది పుచ్చేనాండీ, వీరమ్మగారూ?”

“కాదండి. శుభ్రంగా ఉంది. దాన్నొదిలెయ్యండి,” అంది వీరమ్మ. ఆయన వంగి దాన్ని తీసినచోటే పెట్టారు.