ఒకే టీము, రెండు బండ్లు

మేం కువైట్‌లో, అహ్మదిలో ఉంటాం. మావారు శ్రీధర్, ఆయన స్నేహితుడు రఘు అన్నయ్య ఒకే ప్లాంటులో టెక్నీషియన్లు. ఇద్దరికీ చిన్న రేసు బండ్లు నడిపే గో-కార్టింగ్ అంటే పిచ్చి. పోయిన చలికాలం కంపెనీల పోటీలో ఇద్దరూ ఒకే టీము తరఫున దిగారు. నేను గ్యాలరీలో కూర్చుని చూస్తున్నాను.

ఆఖరి రౌండులో వీళ్ల బండ్లే ముందున్నాయి. మలుపులో ఇద్దరూ వేగం తగ్గించలేదు. చక్రాలు తగులుకుని అన్నయ్య బండి టైర్ల గోడను గుద్దింది. కుడి మణికట్టు నుజ్జయింది.

మావారు హెల్మెట్ తీస్తూనే, "తప్పు వాడిదే! నాకు దారివ్వలేదు" అని అరిచారు. ఆస్పత్రి వరండాలో కూడా వచ్చినవాళ్లందరికీ అదే చెబుతూ నిలబడ్డారు.

నేను లోపలికి వెళ్లగానే అన్నయ్య అడిగిన మొదటి మాట, "అమ్మా, శ్రీధర్‌కి దెబ్బలేం తగల్లేదు కదా?"

బయటికొచ్చి ఆ మాట చెప్పాను. మావారు గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చారు. తర్వాత లోపలికెళ్లి, "నాదే తప్పురా" అన్నారు.

"ఇద్దరిదీరా. ఇంక వదిలెయ్" అన్నాడు అన్నయ్య.

ఆ చేతికి స్పానర్ పట్టే బలం మళ్లీ రాలేదు. ఉద్యోగం పోయి అన్నయ్య విజయవాడ వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో మావారు చెయ్యి చాపితే ఎడమ చెయ్యి అందించాడు. దాన్ని వదల్లేక మావారు అలాగే నిలబడిపోయారు. తప్పెవరిదో తేల్చుకోవడానికి అంత తొందరపడ్డారే అని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.