బుధవారం నాడు ఆదివారపు ప్రార్థన

చర్చి సంఘంలో ఆమెను అందరూ ప్రార్థనమ్మ అనే పిలుస్తారు. చేసేది కుట్టుపని. మిషను తొక్కుతుంటే కాళ్ల పని కాళ్లది, నోటి పని నోటిది. జాకెట్టుకు చేతులు అతికేలోపు ఒక స్తుతి, కాజాలు తీసేలోపు ఒక విజ్ఞాపన. ఇరవై రెండేళ్లుగా ఆదివారం ఆరాధనలో మొదటి ప్రార్థన ఆమెదే. పెళ్లికి మూడు నిమిషాలు, కొత్త ఇంటికి అయిదు, సమాధి దగ్గర ఏడు. ఒక్క మాట తడబడదు. గొంతు ఎక్కడ వణకాలో సరిగ్గా అక్కడే వణుకుతుంది కూడా.

భర్త కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే మెకానిక్కు. చర్చికి వస్తాడు, గోడకు ఆనుకుని కునుకు తీస్తాడు.

"నీ నోటికి స్విచ్చు ఎక్కడ పెట్టాడే దేవుడు?" అని ఏడిపించేవాడు.

"నిద్రపోయేవాళ్లకు కనబడదులెండి," అనేది ఆమె.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆయన ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద ఉన్నాడు. మూడు రోజుల కిందట షాపులోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆపరేషన్ తప్పదు, చేసినా ఆశ తక్కువే అని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. మోటార్లకు పూసే వార్నిష్ మరకలు వదలని వేళ్లతో ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"భయంగా ఉందే. నా గురించి ఆ దేవుడితో ఒక మాట చెప్పవూ? నీకు బాగా తెలిసినవాడు కదా."

పక్కనున్న ఆడపడుచు గబుక్కున కొంగు తలమీదికి లాక్కుంది. ప్రార్థనమ్మ కళ్లు మూసుకుంది. మాటలు ఎప్పటిలాగే పొంగుకొచ్చాయి.

"మహోన్నతుడవైన తండ్రీ, ఈ ఆదివారపు ఉదయకాలమున మమ్మును నీ సన్నిధిలో సమకూర్చినందుకు వేలాది స్తోత్రములు..."

స్ట్రెచర్ తోసే అతను వింతగా చూశాడు. ఆడపడుచు మోచేత్తో పొడిచింది. "వదినా! ఇవాళ బుధవారం."

భర్త నవ్వబోయాడు. ఆ నవ్వు కాస్తా ఆయాసమైపోయింది. "అది అందరిదీ కదే. నాది చెప్పు."

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. మహోన్నతుడవైన తండ్రీ... మళ్లీ అదే వరస. దారం అయిపోయిన మిషనులా సూది పైకీ కిందికీ ఆడుతోందే గానీ కుట్టు పడడం లేదు.

"టైమైందమ్మా," అన్నాడు తోసే అతను. ఆయన వేళ్లు జారిపోయాయి. ఆపరేషన్ గది తలుపులు రెండుసార్లు ఊగి మూతబడ్డాయి. ఆయనతో పాటు ఆయన భయమూ లోపలికి పోయింది. దానికి తోడుగా ఒక్క మాటైనా పంపలేకపోయింది ఆమె.

ఇన్నేళ్లూ ఎవరితో మాట్లాడినట్టు? వెనక బెంచీ ముసలమ్మలు కళ్లొత్తుకుంటారని, పాస్టరు అయ్యగారు మెచ్చుకోలుగా తల ఊపుతారని చూసుకుంది. అవతల వినేవాడు ఉన్నాడా అని ఒక్కరోజైనా ఆగి చూసుకోలేదే!

ఆడపడుచు ఫోను పట్టుకొచ్చింది. "వదినా, అయ్యగారు. సంఘమంతా చర్చిలో చేరారట, స్పీకర్లో వింటున్నారు. ప్రార్థన నువ్వే చెయ్యాలట."

"నాకు రాదు."

"ఏం మాటలవి? నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది? నలుగురూ ఏమనుకుంటారు?"

ఆమె ఫోను తీసుకుంది. "అయ్యగారూ, నాకు ప్రార్థన రాదండీ. ఇన్నాళ్లూ చేసింది మీకు వినిపించడానికే. మీలో ఎవరికైనా నిజంగా వస్తే మా ఆయన కోసం చెయ్యండి."

అటువైపు ఎవరో దగ్గారు.

ఫోను ఇచ్చేసి నేలమీద చతికిలబడింది. మోకాళ్లూనలేదు, కళ్లు మూయలేదు. మూసిన తలుపుల్నే చూస్తూ పెదవి కదిపింది.

"అయ్యా, నువ్వెవరో నాకు తెలీదు. తెలుసని మా ఆయన్ని నమ్మించాను. లోపల ఒక్కడే ఉన్నాడు, భయపడుతున్నాడు. నా దగ్గరికి రాకపోతే మానె, ఆయన దగ్గరికి పో."

ఆమేన్ అనలేదు. అంటే అయిపోతుందేమోనని భయం. తలుపులు తెరుచుకోలేదు. "పో అయ్యా, పో," అని అంటూనే ఉంది.